బోర్డు వేరు, గోడ వేరు

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మాది పల్నాడు జిల్లాలో ఓ పల్లెటూరు. మా పక్కిల్లు మావారి పెదనాన్నగారి అబ్బాయిది, నాకు బావగారి వరస. పందొమ్మిదేళ్ళ కిందట మేము పెంకుటిల్లు తీసేసి డాబా వేసుకున్నప్పుడు, మా గోడ అడుగు మేర తన సందులోకి వచ్చిందని ఆయన అన్నారు. రాలేదని మావారు అన్నారు. ఆ రోజు నుంచీ మాటల్లేవు. నాలుగేళ్ళ కిందట ఆయన ‘నన్ను చూసి ఏడవకురా’ అని రాసిన దిష్టిబొమ్మ తెచ్చి, వీధివైపు కాకుండా మా గేటుకేసి తిప్పి కట్టారు. తర్వాత వీధి మలుపులో కరెంటు స్తంభానికి ‘దొంగలున్నారు జాగ్రత్త’ అని రేకు బోర్డు, దాని కింద మా ఇంటివైపు బాణం గుర్తు. మొన్న సంక్రాంతికి వాళ్ళ గోడకు ఫ్లెక్సీ: ‘పక్కింటి పిల్లను చేసుకునేవారు ముందు మమ్మల్ని కనుక్కోండి’. మా అమ్మాయికి ఇరవై నాలుగేళ్ళు. చూసుకోవడానికి వచ్చినవాళ్ళు కాఫీ తాగి వెళ్ళారు, మళ్ళీ ఫోన్ లేదు. స్టేషనుకు వెళితే ‘బోర్డులో మీ పేరు లేదు కదమ్మా, ఇది సివిల్ తగాదా, కోర్టుకు పొండి’ అన్నారు. మా అబ్బాయి బెంగళూరు నుంచి వచ్చి దాన్ని చింపేస్తానంటున్నాడు. ఏం చేయమంటారు? (ఉత్తరం నాలుగు పేజీలు ఉంది. ఇక్కడ కుదించి వేశాం.)

జవాబు:

చెల్లెమ్మా, ఈ జవాబు మొత్తం చదివేలోపే మీ అబ్బాయికి ఫోన్ చేసి, ఆ ఫ్లెక్సీ మీద చెయ్యి వేయొద్దని చెప్పండి. గోడ ఆయనది, ఫ్లెక్సీ ఆయనది, కట్టిన తాడు కూడా ఆయనదే. చింపితే ఇంటి ఆవరణలోకి జొరబడ్డాడనీ, ఆస్తి పాడుచేశాడనీ ఆయన స్టేషనుకు వెళ్తారు. మీ కాగితం తీసుకోని స్టేషనులోనే ఆయన కాగితం ఆ రాత్రికి రాసుకుంటారు, ఎందుకంటే చినిగిన ఫ్లెక్సీ కళ్ళకు కనపడుతుంది, మీ అమ్మాయి పడే బాధ కనపడదు. అప్పుడు మీరు కౌంటరు పెడతారు. కేసూ కౌంటరూ రెండూ ఒకే దారంతో కట్టి పక్కన పెడతారు. రెండేళ్ళకు ఎవరో పెద్దమనిషి ‘మీరిది తీసుకోండి, వాళ్ళది వాళ్ళు తీసుకుంటారు’ అని రాజీ చేస్తాడు. మునిసిఫ్ కోర్టు వరండాలో ముప్పై ఏళ్ళుగా నేను చూస్తున్న తంతు ఇది. తప్పు చేసినవాడూ దెబ్బ తిన్నవాడూ చివరికి ఒకే బెంచీ మీద ముద్దాయిలుగా కూర్చుంటారు. ఈలోపు మీ అబ్బాయి కంపెనీవాళ్ళు పోలీసు వెరిఫికేషన్ అడిగితే ఏం చెప్తాడు?

ఇక స్టేషనులో మీకు చెప్పిన రెండు మాటల సంగతి. ఒకటి తప్పు. రెండోది, కోపం తెచ్చుకోకండి, మీరు చేతులారా అనిపించుకున్నది.

పేరు లేకపోతే పరువు నష్టం కాదన్నది తప్పు. ఎవరి గురించి రాశారో ఆ ఊళ్ళో చదివినవాళ్ళకు అర్థమైతే చాలు. ‘పక్కింటి పిల్ల’ అన్నారు, ఆ గోడకు రెండోవైపు సందు దాటితే ఇంకో ఇల్లు లేదు, ఆ ఇంట్లో పెళ్ళికెదిగిన పిల్ల ఒక్కతే. స్తంభం మీది బోర్డుకైతే బాణమే ఉంది. పేరు రాసినా అంత సూటిగా తగలదు.

రెండో మాటకు వస్తాను. మీరు స్టేషనులో ఇచ్చిన ఫిర్యాదు నకలు ఉత్తరంతో జతచేశారు కదా, చదివాను. మూడు పేజీలు. రెండున్నర పేజీలు గోడ, పునాది, సందు, పంచాయతీలో ఎవరు ఎవరి వైపు మాట్లాడారు, బాత్‌రూమ్ నీళ్ళు ఎటు పారుతున్నాయి. అమ్మాయి మీద కట్టిన ఫ్లెక్సీ సంగతి చివరి అయిదు వరుసల్లో ఉంది. మొదటి పేజీలో ‘గోడ’ కనపడగానే ఏ ఎస్సై అయినా సివిల్ అనే అంటాడు. అది తప్పించుకోవడానికే అన్నాడనుకోండి, ఆ సాకు మీ కాగితమే అందించింది. గోడ సంగతి ఒక కాగితం, బోర్డుల సంగతి ఇంకో కాగితం. ఒకదానిలో రెండోదాని ఊసు ఒక్క వాక్యం కూడా రాకూడదు. నేను మీకు చెప్పదలచుకున్నదాంట్లో సగం ఇదే.

బోర్డుల కాగితం ఎలా ఉండాలంటే, ఒక్క పేజీ దాటకూడదు. ఫలానా రోజు, ఫలానా చోట, ఈ అక్షరాలతో ఫ్లెక్సీ కట్టారు. ఫలానావాళ్ళు చూశారు. దానివల్ల మా అమ్మాయికి ఈ నష్టం జరిగింది. అంతే. ఎందుకు కట్టారో మీరు రాయకండి, అది ఆయన చెప్పుకోవలసిన మాట.

చట్టం సంగతి. 2024 జూలై 1 నుంచి పాత ఐపీసీ పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. అందులో 356వ సెక్షన్ పరువు నష్టం. రెండేళ్ళ దాకా సాధారణ జైలు, లేదా జరిమానా, లేదా రెండూ. సమాజ సేవ చేయమని కూడా శిక్ష వేయొచ్చు. ఇది పోలీసులు నేరుగా ఎఫ్‌ఐఆర్ కట్టే నేరం కాదు. పరువు పోయిన మనిషే మేజిస్ట్రేటు దగ్గర ప్రైవేటు కంప్లయింటు వేసుకోవాలి, మూడేళ్ళ లోపల. కొత్త పద్ధతిలో కోర్టు కేసు తీసుకోకముందే అవతలి మనిషికి నోటీసిచ్చి వినాలి. వకీళ్ళం చాలామందిమి దీన్ని విసుక్కుంటాం గానీ, మీలాంటి తగాదాలో అది మంచికే. కోర్టు ముద్రతో ఆ నోటీసు చేతికొచ్చిన రోజున చాలా బోర్డులు చప్పుడు కాకుండా కిందికి దిగుతాయి.

ఇంకోటి 79వ సెక్షన్, పాత 509. స్త్రీ గౌరవాన్ని కించపరిచే ఉద్దేశంతో మాట అనడం, సైగ చేయడం, ఏదైనా వస్తువు కనపడేలా పెట్టడం. మూడేళ్ళ దాకా సాధారణ జైలు, జరిమానా. దీనికి పోలీసులు ఎఫ్‌ఐఆర్ కట్టవచ్చు. మీ ఫ్లెక్సీలో బూతు లేదు, నిజమే. కానీ ఆ వాక్యం చదివినవాడికి తోచే అర్థం ఒకటే, అది ఆ పిల్ల నడవడి మీద. వర్తిస్తుందని నేను వాదిస్తాను, వర్తించదని అవతలి వకీలు వాదిస్తాడు. అయినా ఫిర్యాదులో ఆ కోణం రాసి ఇవ్వండి. తీసుకోకపోతే రిజిస్టర్డ్ పోస్టులో ఎస్పీ గారికి పంపి, సోమవారం ఫిర్యాదులు తీసుకునే రోజున స్వయంగా వెళ్ళి రసీదు తెచ్చుకోండి. నష్టపరిహారానికి సివిల్ దావా కూడా వేయొచ్చు, కానీ దానికి గడువు ఒక్క ఏడాదే. సంక్రాంతికి కట్టారంటున్నారు, అంటే వచ్చే సంక్రాంతి దాటనివ్వకూడదు.

‘నిజమే రాశాను’ అని ఆయన అంటే? క్రిమినల్ కేసులో నిజమైతే ఒక్కటే చాలదు, పదిమంది మేలు కోసం రాశానని కూడా చూపించాలి. పక్కింటి పిల్ల పెళ్ళి చెడగొట్టడంలో ఊరికి ఏం మేలుందో ఆయన చెప్పాలి.

సాక్ష్యం దగ్గర జాగ్రత్త. మీరు ఫ్లెక్సీని దగ్గర్నుంచి తీసిన ఫోటో పంపారు. అక్షరాలు బాగా పడ్డాయి, కానీ అది ఎక్కడుందో తెలియదు. వీధి అవతలకు వెళ్ళి మీ గేటు, ఆయన గోడ, ఫ్లెక్సీ మూడూ ఒకే ఫోటోలో పడేలా తీయండి. తీసిన ఫోన్‌లోనే ఒరిజినల్ ఉంచండి. వాట్సాప్‌లో పంపుకున్నది కాపీ మాత్రమే, ఒరిజినల్‌లో ఉండే వివరాలు దాంట్లో ఉండవు. కోర్టులో వేసేటప్పుడు, ఈ ఫోటోలు ఫలానా ఫోన్‌తో నేను తీసినవని సర్టిఫికెట్ ఇవ్వాలి, కొత్త సాక్ష్య చట్టంలో అది 63వ సెక్షన్. ఆ ఫోన్ మార్చేయకండి, ఎవరికీ ఇవ్వకండి. ఇక మనిషి సాక్ష్యం. అందరికన్నా గట్టి సాక్షి ఆ సంబంధం తెచ్చిన మధ్యవర్తి. ఆయన చూశాడా, చూసి ఇది వీళ్ళ అమ్మాయి గురించే అనుకున్నాడా, పెళ్ళివారు ఏమన్నారు? ఊళ్ళోవాళ్ళు పదిమంది చెప్పేదానికంటే ఆయన చెప్పే మూడు మాటలు విలువైనవి. మొహమాటపడకుండా వెళ్ళి అడగండి.

స్తంభం మీది రేకు బోర్డు సులువు. స్తంభం కరెంటు వాళ్ళది, దారి పంచాయతీది, ఆయన సొత్తు కాదు. పంచాయతీ కార్యదర్శికి ఒక కాగితం, కరెంటు ఆఫీసుకు ఒక కాగితం ఇచ్చి, నకళ్ళ మీద సంతకం పెట్టించుకోండి. వాళ్ళు తీసేయాలి, మీరు కాదు. తీసేముందు బాణంతో సహా ఫోటో ఉండాలి సుమా.

దిష్టిబొమ్మను వదిలేయండి. నవ్వుతున్నారా? నాలుగు పేజీల ఉత్తరంలో ముప్పాతిక పేజీ ఆ దిష్టిబొమ్మ గురించే రాశారు, అందుకని చెప్తున్నాను. ఆ మాటలు ప్రతి లారీ వెనకా ఉన్నాయి, సగం కొత్త ఇళ్ళ మీద ఉన్నాయి. ‘మా గేటుకేసి తిప్పి కట్టారు’ అని మేజిస్ట్రేటు ముందు చెప్తే ఆయన నవ్వు ఆపుకుంటారు, ఆ నవ్వుతో మీ అమ్మాయి సంగతి కూడా పలచబడిపోతుంది. నా దగ్గరికి ఒకప్పుడు ఒకాయన ఇలాగే వచ్చాడు. పక్కవాడి దిష్టిబొమ్మకు జవాబుగా తానో పెద్ద ఫ్లెక్సీ కట్టాడు, దానికి జవాబుగా వాడు ఇంకా పెద్దది కట్టాడు. ఏడాది తిరిగేసరికి ఇద్దరూ ఒకే ఫ్లెక్సీ షాపులో బాకీ పడ్డారు. ఆ షాపువాడు ఇద్దరికీ అక్షరదోషాలు కూడా దిద్దిపెట్టేవాడట.

మీవైపు సంగతి కూడా మాట్లాడుకోవాలి. మూడో పేజీలో ఒక వాక్యం చూశాను: ‘మా అబ్బాయి కోపం ఆపుకోలేక ఊరి వాట్సాప్ గ్రూపులో ఏదో పెట్టాడు’. ఏదో అంటే ఏమిటి? ఆయన ఫోటో పెట్టి పిచ్చాసుపత్రి అనో, వాళ్ళ కోడలి గురించో రాసి ఉంటే, ఆయన దగ్గరా ఇప్పుడొక 356 ఉంది. గ్రూపులో పెట్టిన మాటా గోడ మీద రాసిన మాటే. మీ వకీలుతో అది ముందే చెప్పండి. కోర్టులో అవతలివాళ్ళ నోటి నుంచి మొదటిసారి విన్న వకీలు పరిస్థితి ఎలా ఉంటుందో నాకు తెలుసు.

ఊళ్ళోవాళ్ళు ‘ఎమ్మార్వో దగ్గర బైండోవర్ చేయించండి’ అని సలహా ఇస్తారు. శాంతిభద్రతలకు భంగం కలిగించనని ఏడాది దాకా పూచీకత్తు రాయించుకోవడం, భారతీయ నాగరిక సురక్షా సంహిత (బీఎన్‌ఎస్‌ఎస్, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చింది) 126వ సెక్షన్. మంచి పనిముట్టే. అయితే మా ప్రాంతంలో ఎప్పుడూ రెండు వర్గాల్నీ కలిపే పిలుస్తారు. మీవారూ మీ అబ్బాయీ కూడా వెళ్ళి సంతకం పెట్టాల్సి రావచ్చు. కర్రలు లేచేదాకా దాని జోలికి పోవద్దు.

ఇప్పుడు గోడ. మీ డాబా పొడవు ముప్పై అడుగులని రాశారు. ఆయన మాటే నిజమనుకుందాం, అడుగు లోపలికి వచ్చింది. ముప్పై చదరపు అడుగులు. గజాల్లో మూడూ, పైన మూడోవంతు. మంచం వేస్తే ఇంకేమీ పట్టదు.

అది ఆయన స్థలమే అయినా, చూస్తూ చూస్తూ పందొమ్మిదేళ్ళు ఊరుకున్నారు. స్వాధీనం కోసం దావా వేయడానికి చట్టం ఇచ్చే గడువు పన్నెండేళ్ళు. మీ మామగారి తరంలోనే పంపకాలు అయిపోయాయి కాబట్టి ఉమ్మడి ఆస్తి అనే వాదన కూడా ఆయనకు అంత గట్టిగా నిలబడదు. పూర్తిగా చెప్పాలంటే మీ పంపకాల కాగితం చూడాలి, కానీ ఆయన్ని ఎవరో వకీలు ‘బాబాయ్, టైము దాటిపోయింది’ అని ఎప్పుడో వెనక్కి పంపేసి ఉంటాడని నా అనుమానం. కోర్టులో చెప్పుకునే దారి మూసుకుపోయిన మాటే మీ గేటు ఎదురుగా బోర్డెక్కిందేమో. ఇలా అంటున్నది ఆయన్ని వెనకేసుకొచ్చి కాదు. ఫ్లెక్సీ ఒక్కటీ దించితే వచ్చే సంక్రాంతికి ఇంకోటి కడతారు, అందుకని.

చట్టప్రకారం మీదే పైచేయి కావొచ్చు గనక, కొలిపించే మాట మీరే ఎత్తండి. ఇక్కడ ఒక చిక్కుంది. పొలమైతే హద్దులు కొలవమని ఎఫ్-లైన్ పిటిషన్ పెడితే సర్వేయరు ఎఫ్‌ఎంబీ అనే పొలాల కొలతల పుస్తకం పట్టుకొచ్చి రాళ్ళు చూపిస్తాడు. ఊళ్ళో ఇళ్ళ స్థలాలు సాధారణంగా గ్రామకంఠం, అంటే ఊరి నివాస స్థలం, మొత్తానికి ఒకే సర్వే నంబరు, ఇంటికీ ఇంటికీ మధ్య గీత ఆ పుస్తకంలో ఉండదు. 2020లో మొదలైన స్వామిత్వ పథకం కింద డ్రోన్లతో ఇళ్ళ స్థలాలు కొలిచి ప్రాపర్టీ కార్డులు ఇస్తున్నారు. మీ ఊళ్ళో అయిందేమో సచివాలయంలో కనుక్కోండి. అయినా డ్రోను ఇవాళ ఉన్న గోడను గీస్తుంది, పందొమ్మిదేళ్ళ కిందటి పునాదిని గీయదు. మీకు పనికొచ్చేది పాత దస్తావేజులోని చెక్కుబందీ, అంటే నాలుగు వైపులా హద్దుల వివరం. తూర్పున ఎవరి గోడ, పడమర ఎవరి సందు, సందు ఉమ్మడిదా ఒకరిదా, అది ముందు చదవండి. గజాల లెక్కకూ చెక్కుబందీకీ తేడా వస్తే కోర్టులు మామూలుగా చెక్కుబందీ వైపే మొగ్గుతాయి. ఇద్దరూ ఒప్పుకున్న సర్వేయరు చేత ఆ కాగితం ప్రకారం కొలిపించుకోవచ్చు. ఒప్పుకోకపోతే దావాలో కోర్టు నియమించిన వకీలు, అడ్వకేట్ కమిషనర్ అంటారు, వచ్చి కొలుస్తాడు, దానికి పట్టే కాలం అడక్కండి. ఓడినవాడు కోర్టులో ఏడిస్తే గెలిచినవాడు ఇంటికెళ్ళి ఏడ్చాడని ఊరికే అనలేదు.

అంతకన్నా దగ్గరి దారి ఉంది. మీ కోర్టు ఆవరణలో మండల న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది. ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలునిస్తారు. 15100కు ఫోన్ చేసినా చెప్తారు. కేసు వేయకముందే అక్కడ దరఖాస్తు పెడితే బావగారికి నోటీసు పంపి పిలిపిస్తారు. రాజీ కుదిరి లోక్ అదాలత్‌లో అవార్డు రాస్తే అది కోర్టు డిక్రీతో సమానం, పైన అప్పీలు లేదు. ఊరి పంచాయతీలో తెల్లకాగితం మీద రాసుకున్నదానికి ఆ బలం ఉండదు. రాజీలో ఏం రాయించాలంటే: ఫ్లెక్సీ, బోర్డులు తీసేయాలి, ఇకముందు ఏ రూపంలోనూ రాయకూడదు, మీ అబ్బాయి కూడా వాట్సాప్‌లో రాయకూడదు. సందు ఉమ్మడిగా ఉండాలి, ఇద్దరిలో ఎవరూ గోడ పెంచకూడదు, బాత్‌రూమ్ నీళ్ళకు పైపు వేసి వీధి కాలువలో కలపాలి. ఆ పైపు ఖర్చు మీరు పెట్టుకోండి. మీవారికి నచ్చదు, తెలుసు. పందొమ్మిదేళ్ళ తర్వాత ఆయన ఇంటికి చెప్పుకుని వెళ్ళడానికి ఏదో ఒకటి చేతిలో పెట్టాలి కదా.

ఆయన రారేమో అంటారా? ఉత్తరం చివర మీరు యథాలాపంగా రాసిన సంగతి నాకు అన్నిటికన్నా ఆశగా తోచింది. నిరుడు మీ పెద్దత్తగారు పోయినప్పుడు మీరూ పది రోజులు మైల పట్టారు. పెద్దకర్మకు వెళ్ళారు. మాట లేకపోయినా బావగారే స్వయంగా మీవారి విస్తట్లో కూర వడ్డించారు, రెండోసారి కూడా వచ్చి అడగకుండానే వేశారు. ఆ మనిషీ ఫ్లెక్సీ కట్టించిన మనిషీ ఒక్కడే. ఆయన దగ్గరికి సర్పంచినో, పార్టీ పెద్దనో పంపకండి. అలాంటివాళ్ళ ముందు ఎవరూ తగ్గరు. బావగారి చెల్లెలు నరసరావుపేటలో ఉన్నారని రాశారు, రెండిళ్ళకూ ఆవిడే ఆడపడుచు. తల్లి పోయాక అన్న గడప తొక్కి ఆవిడ ‘ఆ పిల్ల నాకు మేనకోడలు, దాని మీద రాస్తావా?’ అని అడిగితే జవాబు చెప్పడం ఆయనకు కష్టం. నోటీసు వెళ్ళే వారం ముందు ఆవిడ వెళ్తే మంచిది. మీరు పంపారని కాకుండా తనకు తానుగా వెళ్ళినట్టు ఉంటే ఇంకా మంచిది.

సంబంధాల మాట. ఈసారి ఎవరైనా వస్తుంటే, వాళ్ళు వీధిలో దిగకముందే ఫోన్‌లో మీరే చెప్పండి: ‘పక్కింట్లో దాయాదులతో గోడ తగాదా ఉంది, గోడ మీద ఏదో రాశారు, కోర్టుకు వెళ్తున్నాం’ అని. మీ నోట విన్నది తగాదా, వీధిలో దిగి చదువుకున్నది అనుమానం. చెప్పినా వెనక్కి వెళ్ళేవాళ్ళు వెళ్ళనివ్వండి, గోడ మీది రాతకు బెదిరేవాళ్ళతో వియ్యం ఎందుకు?

ఒక్క సంగతి అడగాలి. నాలుగు పేజీల్లో మీ కోపం ఉంది, మీవారి పంతం ఉంది, అబ్బాయి ఆవేశం ఉంది. అమ్మాయి ఏమందో ఒక్క వాక్యం లేదు. చట్టం దృష్టిలో పరువు పోయింది ఆమెది. కంప్లయింటు మీద సంతకం ఆమెది, బోనెక్కి చెప్పాల్సిందీ ఆమే. గుంటూరులో ఉద్యోగం చేసుకుంటున్న పిల్ల వాయిదాలకు సెలవు పెట్టాలి. కేసు వేద్దామంటుందో, ముందు అత్తయ్యను పంపి చూద్దామంటుందో, అసలు ఇప్పుడే పెళ్ళి వద్దంటుందో ఈ ఆదివారం ఇంటికొచ్చినప్పుడు కూర్చోబెట్టి అడగండి. ఆమె ఏమంటే పైన రాసినదాంట్లో ఆ దారి పట్టండి.

కొలతల రోజు వస్తే మాత్రం, సర్వేయరు టేపు ఒక కొస మీవారు పట్టుకుంటారు గదా, రెండో కొస బావగారినే పట్టుకోమనండి.